శిక్షణలో ఇచ్చిన రిలే లెక్క: 0.31 రావలసిన చోట నాకు 0.45 వస్తోంది

ప్రశ్న (సహాయ ఇంజనీరు, తిరుపతి):
సభ్యులందరికీ నమస్కారం. మా డివిజన్ నుంచి నన్ను నామినేట్ చేసిన వారం రోజుల ఆన్‌లైన్ శిక్షణలో నిన్న రిలే కోఆర్డినేషన్ (ఫాల్టు వస్తే బ్రేకరును తెరిపించే రిలేలలో ఏది ముందు, ఏది తరువాత పనిచేయాలో సరిచేయడం) పాఠం జరిగింది. అభ్యాసంగా ఇచ్చిన లెక్కలో 33/11 కె.వి. సబ్‌స్టేషన్, 5 ఎం.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరు, మూడు ఐ.డి.ఎం.టి. రిలేలు (కరెంటు పెరిగేకొద్దీ త్వరగా పనిచేసేవి) ఉన్నాయి. ఫాల్టు కరెంటు 3,600 ఆంపియర్లు. ఫీడరు రిలే 0.235 సెకన్లలో, ఇన్‌కమర్ (ట్రాన్స్‌ఫార్మరు నుంచి 11 కె.వి. బస్సుకు వచ్చే దారి) రిలే 0.55 సెకన్లలో పనిచేస్తాయన్నంత వరకు నా లెక్కకూ జవాబు పత్రానికీ తేడా లేదు. మూడవ రిలేకు 0.85 సెకన్లు రావాలంటే టి.ఎం.ఎస్. (రిలే సమయాన్ని పెంచే, తగ్గించే గుణకం) 0.45 పెట్టాలని నాకు వస్తుంటే, పత్రంలో 0.31 అని ఉంది. సాయంత్రం ఆరు గంటల నుంచి ఇదే పని మీద కూర్చున్నాను, సూత్రాన్ని మూడుసార్లు సరిచూశాను. బోధకుడికి సందేశం పంపితే ‘పాఠం మళ్లీ వినండి’ అని ఒక్క వాక్యం వచ్చింది. రేపు పది గంటలకు పత్రం సమర్పించాలి. తప్పు నాదా, జవాబు పత్రానిదా?

రిలే టెస్టింగ్, రేణిగుంట:
సి.టి. (లైను కరెంటును తగ్గించి రిలేకు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు) నిష్పత్తులు ఇవ్వలేదు. 3,600 ఆంపియర్లు ఏ వోల్టేజి వైపు అన్నది కూడా చెప్పలేదు.

విశ్రాంత డి.ఇ., చిత్తూరు:
బాబూ, లెక్క సంగతి తరువాత. రిలేను చేతితో ముట్టకుండా తెర మీద నేర్పే శిక్షణ ఎంతవరకు ఉపయోగమో ముందు ఆలోచించాలి. ఫరీదాబాద్ ప్రధాన కేంద్రంగా ఉన్న జాతీయ విద్యుత్ శిక్షణా సంస్థ గానీ, హైదరాబాదులోని ఇంజనీరింగ్ స్టాఫ్ కాలేజీ గానీ నేరుగా కూర్చోబెట్టి నేర్పే కోర్సులు నడుపుతాయి, అటువంటి వాటికి పంపమని పై అధికారులను అడగండి. సెకండరీ ఇంజెక్షన్ కిట్టుతో (రిలే పరీక్షా పరికరంతో) కరెంటు ఎక్కించి, రిలే ఎన్ని సెకన్లలో పడిందో తానే రాసుకున్న ఇంజనీరు కరెంటుకూ సమయానికీ ఉన్న ఈ వక్రరేఖను జన్మలో మరచిపోడు. ప్లగ్ సెట్టింగు (రిలే కదలడం మొదలుపెట్టే కరెంటు) సి.టి. రేటింగులో 100 శాతం పెట్టి పది రెట్లు కరెంటు ఇస్తే, టి.ఎం.ఎస్. 1 వద్ద మూడు సెకన్లకు కాస్త అటూ ఇటూగా డిస్కు తిరిగి కాంటాక్టు మూసుకునేది. అందుకే దానిని మేము ‘మూడు సెకన్ల రిలే’ అనేవాళ్లం.

కొత్త ఏ.ఇ., పలమనేరు:
డి.ఇ. గారూ, మీ అనుభవం మీద గౌరవంతోనే చెబుతున్నాను. ఇప్పటి న్యూమరికల్ (డిజిటల్) రిలేలలో ప్లగ్గూ లేదు, డిస్కూ లేదు. ‘పికప్ కరెంటు’ అని రాయకుండా ‘ప్లగ్ సెట్టింగు’ అని రాయడం వలననే మా బ్యాచ్‌లో సగం మంది తికమకపడ్డారు. టి.ఎం.ఎస్.ను ‘టైమ్ డయల్’ అనేవారు కూడా ఉన్నారు, కానీ అమెరికా ప్రమాణపు వక్రరేఖలలో ఆ డయల్ అంకెలు పూర్తిగా వేరు.

విశ్రాంత డి.ఇ., చిత్తూరు:
ప్లగ్గు పోయినా మాట మిగిలింది నాయనా. మీ రిలే మాన్యువల్‌లో కూడా పి.ఎస్.ఎం. (కరెంటు ప్లగ్ సెట్టింగుకు ఎన్ని రెట్లో చెప్పే అంకె) అనే రాసి ఉంటుంది, తెరిచి చూడండి.

ప్రశ్నకర్త:
దయచేసి మాటల మీద వాదం ఆపండి. సి.టి.లు ఫీడరుకు 200/1, ఇన్‌కమర్‌కు 300/1, మూడవదానికి 100/1, అన్నీ 100 శాతం సెట్టింగే. ఫాల్టు 11 కె.వి. బస్సు మీద. మూడవ రిలే ట్రాన్స్‌ఫార్మరు 33 కె.వి. వైపు ఉంది, అది చెప్పనక్కరలేదనుకున్నాను.

రిలే టెస్టింగ్, రేణిగుంట:
చెప్పవలసింది అదే. 11 కె.వి. వైపు 3,600 అంటే 33 కె.వి. వైపు 1,200 మాత్రమే. పికప్‌కు 12 రెట్లు. మీరు 3,600ను 100తో భాగించి 36 రెట్లు వేశారు. సూత్రంలో టి.ఎం.ఎస్. 1 వద్ద 36 రెట్లకు 1.884 సెకన్లు వస్తుంది, 12 రెట్లకు 2.748 వస్తుంది. 0.85ను ఒక్కొక్కదానితో భాగించి చూడండి. చాలా రిలేలలో 20 రెట్లు దాటాక వక్రరేఖ చదునైపోతుంది కాబట్టి, 36 అని వచ్చినప్పుడే అనుమానం రావలసింది. మీ 0.45 పెడితే ఆ రిలే నిజంగా 1.24 సెకన్లు తీసుకుంటుంది. దానికి పైన 33 కె.వి. ఫీడరు రిలే కూడా ఉందని గుర్తుంచుకోండి.

విశ్రాంత డి.ఇ., చిత్తూరు:
3,600 సబబైన అంకే. 11 కె.వి. వైపు పూర్తి లోడు 262 ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మరు ఇంపీడెన్సు 7.15 శాతం అనుకుంటే 3,670 వస్తుంది, సోర్సు (పై సరఫరా) ఇంపీడెన్సు కలిపితే కొంత తగ్గుతుంది. కానీ లెక్క ఇచ్చినవారు ఒక సంగతి వదిలేశారు. మన 33/11 ట్రాన్స్‌ఫార్మర్లు సాధారణంగా డీ.వై.ఎన్.11, అంటే 33 వైపు డెల్టా. 11 వైపు రెండు ఫేజుల మధ్య ఫాల్టు వస్తే అక్కడ కరెంటు మూడు ఫేజుల ఫాల్టులో 0.866 వంతుకు, అంటే సుమారు 3,118కి తగ్గుతుంది గానీ, 33 వైపు ఒక ఫేజులో మాత్రం 1,200 నిండుగా పారుతుంది. ఇన్‌కమర్ నెమ్మదించి 0.58 సెకన్లు తీసుకుంటుంది, పై రిలే 0.85లోనే ఉంటుంది, రెండు రిలేల సమయాల మధ్య ఎడం 0.27కు పడిపోతుంది. 0.3 ఎడం నిలవాలంటే టి.ఎం.ఎస్. 0.33 కావాలి.

కొత్త ఏ.ఇ., పలమనేరు:
మాకు శిక్షణలో ఎడం 0.4 అని చెప్పారు.

విశ్రాంత డి.ఇ., చిత్తూరు:
డిస్కు రిలేలకు 0.4. బ్రేకరు తెరుచుకున్నాక కూడా డిస్కు ఊపు మీద కొంత తిరుగుతుంది, ఆ ఓవర్‌షూట్ న్యూమరికల్‌లో చాలా తక్కువ.

కొత్త ఏ.ఇ., పలమనేరు:
మరి కింద పాత డిస్కు రిలే, పైన న్యూమరికల్ ఉన్న సబ్‌స్టేషన్‌లో ఎంత పెట్టాలి? మా సెక్షనులో అలాంటివి రెండున్నాయి.

ప్రశ్నకర్త:
0.31 వచ్చింది. రెండు ఫేజుల ఫాల్టు సంగతి పత్రం అడుగున ఒక వాక్యంగా రాసి పంపేశాను. ధన్యవాదాలు.