బీటీ నట్టల మందు వస్తే మీ గొర్రెలకు తాగిస్తారా?

గొర్రెలదొడ్డి: ఈసారి ఆల్బెండజోల్ అనే నట్టల మందు తాగించినా మా మందలో పారుడు ఆగలేదు. కొన్నిటికి దవడ కింద నీరు కూడా దిగింది. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం వాళ్లు బీటీ పత్తికి ఆ పేరిచ్చిన బీటీ బ్యాక్టీరియాలోని క్రై5బీ అనే ప్రోటీన్‌తో నట్టల మందు తయారు చేస్తున్నారట. గొర్రెల రక్తం తాగే హీమాంకస్ పురుగు మీద పనిచేసిందని చదివాను. రేపు ఇక్కడికొస్తే వాడొచ్చా?

పత్తిచేను: బీటీ అంటే నాకు 2006 గుర్తొస్తుంది. వరంగల్ వైపు పత్తి ఏరాక చేలల్లో మేపితే గొర్రెలు చచ్చిపోయాయని కాపరులు మొత్తుకున్నారు. ఎవరు పట్టించుకున్నారు? ఇప్పుడు అదే విషాన్ని నేరుగా గొంతులో పోస్తారన్నమాట.

పెంటికల డాక్టర్: ఆ చావులకు బీటీయే కారణమని తేలలేదండీ. పురుగుమందుల పేరూ, నైట్రేట్ల పేరూ వినిపించాయి. పైగా పత్తిలో పెట్టింది కాయతొలుచు పురుగు కోసం, అది వేరే ప్రోటీన్. క్రై5బీ నట్ట పేగు గోడ మీదుండే ఒక పదార్థానికి అతుక్కుని రంధ్రాలు చేస్తుంది. ఆ పదార్థం గొర్రెలో ఉండదు, మనలోనూ ఉండదు. బ్యాక్టీరియాను చంపేసి, దాని లోపలున్న ప్రోటీన్ స్ఫటికాలతో సహా ఇస్తారు. మనకు కొత్త దారి కావాలి. 2009లో న్యూజిలాండ్‌లో మోనెపాంటెల్ అనే కొత్త నట్టల మందు వచ్చింది, 2013 కల్లా దానికీ లొంగని పురుగులు అక్కడే బయటపడ్డాయి.

చిత్తూరు మేకలు: ఐవర్‌మెక్టిన్ అనే నట్టల మందు కూడా బ్యాక్టీరియా నుంచి వచ్చిందే కదా సార్? జపాన్ మట్టిలోది. 2015లో దానికి నోబెల్ కూడా ఇచ్చారు. ఇందులో కొత్తేముంది?

పెంటికల డాక్టర్: అది బ్యాక్టీరియా తయారుచేసిన రసాయనం నుంచి వచ్చింది. ఇది ప్రోటీన్, పనిచేసే తీరే వేరు.

చిత్తూరు మేకలు: రెండూ బ్యాక్టీరియావే. నేనన్నది అదే.

పత్తిచేను: పనిచేసే తీరు వేరైతే మాత్రం ఏం? పత్తిలో గులాబీ రంగు పురుగు బీటీకి ఎలా అలవాటు పడిందో చూడలేదా? మొదట్లో ఇలాగే చెప్పారు. ల్యాబుల్లో పెంచే సి. ఎలిగాన్స్ పురుగుల్లో క్రై5బీకి లొంగని రకాలు 2000లోనే దొరికాయి. మందు ఇంకా బజారుకే రాలేదు!

పాలమూరు కుర్మ: మీ వాదనలు బాగున్నాయి గానీ అసలు సంగతి వేరే. మొన్న మా ఊళ్లో నట్టల నివారణ పెట్టారు. వచ్చినాయన పొట్టేలుకూ అదే కొలత, మూడు నెలల పిల్లకూ అదే కొలత పోశాడు. సీసా అయిపోవస్తుంటే సగం సగం చేశాడు. అడిగితే ‘ఊరికే ఇస్తున్నాం కదా’ అన్నాడు. ఏ బ్యాక్టీరియా తెచ్చినా పోసే చేయి అదే కదా.

పెంటికల డాక్టర్: అది తప్పే. కానీ కాపరుల సంగతీ చెప్పుకోవాలి. బరువు కంటితోనే అంచనా వేస్తారు, షాపులో ఏది చవకైతే అది కొని నెలనెలా పోస్తారు. మేకలకూ గొర్రెల డోసే. మేక ఒంట్లో మందు నిలవదు, దానికి ఎక్కువ కావాలి.

పాలమూరు కుర్మ: మళ్లీ మా నెత్తినే! డాక్టర్ సాబ్, పెంటికల పరీక్ష చేయండని దవాఖానాకు పోతే మైక్రోస్కోపు పాడైందన్నారు. షాపు తప్ప మాకు ఇంకేం దారి ఉంది?

గొర్రెలదొడ్డి: అన్నా, కోపాలొద్దు.

పెంటికల డాక్టర్: నేను తప్పెవరిదని తేల్చడానికి రాలేదు. పత్తిచేను గారు చెప్పింది నిజమే, క్రై5బీకీ పురుగులు అలవాటు పడొచ్చు. అందుకే ఏ మందైనా మందలోని గొర్రెలన్నిటికీ ఒకేసారి తాగించకండి అంటాను. దక్షిణాఫ్రికాలో ఫమాచా అని ఒక చార్టు తయారు చేశారు. దాన్ని పట్టుకుని కంటి రెప్ప లోపలి రంగు చూస్తారు. ఎర్రగా ఉంటే వదిలేస్తారు, పాలిపోయినవాటికే తాగిస్తారు. వదిలేసిన గొర్రెల్లోని పురుగులకు మందు తగలదు కాబట్టి అవి మందుకు లొంగని మొండి పురుగులతో జతకట్టి మొండి సంతతిని పలచన చేస్తాయి.

పాలమూరు కుర్మ: అంటే నా గొర్రె కడుపులో పురుగుల్ని కావాలనే ఉంచమంటారు! ఒక్కో ఆడ పురుగు రోజుకు వేల గుడ్లు పెడుతుందని మీవాళ్లే చెప్తారు. మందు పదేళ్లు పనిచేస్తే లాభం కంపెనీకి, దేశానికి. ఈలోగా నా గొర్రె చస్తే నష్టం నాకొక్కడికే. అది ఎవరు కట్టిస్తారో ముందు చెప్పండి, తర్వాత రెప్పలు చూస్తాను.

పత్తిచేను: ఇదీ అసలు ప్రశ్న. పత్తిలోనూ పురుగు బీటీకి అలవాటు పడకుండా చేను చుట్టూ బీటీ కాని వరసలు వేయమన్నారు. ఎంతమంది వేశారు? నష్టం రైతుదైనప్పుడు ఎవరు వేస్తారు?

పెంటికల డాక్టర్: నష్టపరిహారం నా చేతిలో లేదు. ఇప్పటికైతే మందుకు ముందు ఒకసారి, తాగించాక రెండు వారాలకు ఒకసారి పెంటికలు పరీక్ష చేయించండి. పెంటికల్లో పురుగుల గుడ్లు 95 శాతం తగ్గకపోతే ఆ మందు మీ మందలో పనిచేయడం లేదని అనుమానించాల్సిందే.

చిత్తూరు మేకలు: క్రై5బీ కాలేయంలో చేరే జలగలకూ (లివర్ ఫ్లూక్) పనిచేస్తుందా సార్?

పెంటికల డాక్టర్: లేదు. అది గుండ్రటి పురుగుల కోసమే.

పాలమూరు కుర్మ: మైక్రోస్కోపు పనిచేసే దవాఖానా ఎక్కడుందో చెప్పండి సాబ్, పెంటికలు నేనే పట్టుకొస్తా.