టికెట్ లేకుండా హుండీ పెడితే సినిమా పాటలకు లైసెన్సు కావాలా?

అందరికీ నమస్కారం. తెనాలిలో ఆరుగురం, పారితోషికం తీసుకోని కళాకారులం. కీబోర్డు, తబలా, వేణువు, ప్యాడ్లు, ఇద్దరు గాయకులు. వార్డులో ఇల్లు గడవని కుటుంబాల కోసం కల్యాణమండపంలో కచేరీ పెడుతున్నాం. రాత్రి 10కి మైకు కట్టేయాలి కాబట్టి 6.30కే మొదలు; పోలీసు అనుమతి అడిగాం.

చిక్కంతా పాటలతోనే. త్యాగరాజ కీర్తనలకు, అన్నమయ్య సాహిత్యానికి కాపీరైటు బెడద లేదు. కానీ జనం చెయ్యి జేబులోకి వెళ్లేది పాత సినిమా పాటలకే! కాపీరైటు చట్టం 52(1)(ఎల్) ప్రకారం ఔత్సాహిక సంఘం డబ్బు చెల్లించని ప్రేక్షకుల ముందు పాడితే ఉల్లంఘన కాదు. మత సంస్థ మేలు కోసమైనా సరే. పేద కుటుంబాల మాట మాత్రం అందులో లేదు, విడ్డూరం. కరోకే ట్రాక్‌కి రికార్డింగు హక్కు వేరే ఉంటుంది కనుక, అన్నీ చేత్తోనే వాయిస్తాం.

గుమ్మం దగ్గర టికెట్ ఉండదు. విరామంలో హుండీ తిప్పి, వేదిక పక్కన క్యూఆర్ కోడ్ పెడితే అది 'చెల్లించని ప్రేక్షకుల' కిందికే వస్తుందా? ఫ్లెక్సీ మీద దుకాణాల ప్రకటనలు వేస్తే ఈ వెసులుబాటు పోతుందా? ఇలాంటి కచేరీకి లైసెన్సు తీసుకున్నవాళ్లుంటే, దరఖాస్తులో ఏమని రాశారో, ఎంత కట్టారో చెప్పగలరా?