'సర్జికల్ స్టీల్'లో కెన్ ఓవెన్ గొంతు ఎక్కడుంది?

లివర్‌పూల్ మెటల్ సంగీత బ్యాండ్ కార్కస్ 1996 నాటి 'స్వాన్‌సాంగ్' తర్వాత 17 ఏళ్లకు, 2013లో తెచ్చిన ఆల్బమ్ ఇది. తొలినాళ్ల డ్రమ్మర్ కెన్ ఓవెన్‌కు 1999లో మెదడులో రక్తస్రావమైంది. అందుకే ఇందులో డ్రమ్స్ డాన్ వైల్డింగ్ వాయించారు. అయినా పాత మిత్రులు ఓవెన్‌ను వదల్లేదు, వెనుక గొంతు (బ్యాకింగ్ వోకల్స్) పాడించారు. ఆ మాట తెలిసినప్పటి నుంచి మనసు ఆగడం లేదు.

రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ప్రధాన గాయకుడు జెఫ్ వాకర్ గీరుగొంతు అడుగున మరో గొంతు దొరుకుతుందేమోనని ఒక్కో పాటనూ వెనక్కి తిప్పి తిప్పి విన్నాను. గిటారిస్ట్ బిల్ స్టీర్‌దీ లోతైన గొంతే కనుక ఎవరిది ఏదో తేలడం లేదు. ఓవెన్ ఏ పాటల్లో, ఏ చోట పలికారో తెలిసినవారు నిమిషంతో సహా చెప్పగలరా? ఆయన గొంతును గుర్తుపట్టడానికి పాత ఆల్బమ్‌లలో ఏది ముందుగా వినాలి?