మంగళవారం డ్రమ్ కోర్ పిల్లలకి రాత్రి భోజనం: ఎవరు ఏం చూసుకుంటారు?

అందరికీ నమస్కారం. ఆగస్టులో ఇండియానాపోలిస్ లూకస్ ఆయిల్ స్టేడియంలో డీసీఐ (డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్) పోటీల ఫైనల్స్ కదా, ఆ వారం మన పక్క హైస్కూల్లో ఒక డ్రమ్ కోర్, అంటే ఇత్తడి ఊదే వాద్యాలు, డ్రమ్ములతో మైదానంలో కవాతు చేస్తూ షో ఇచ్చే యువ బృందం, దిగుతోంది. పడక జిమ్ నేల మీద, వంట తమ సొంత ట్రక్కులోనే. మంగళవారం రాత్రి భోజనం మన అసోసియేషన్ పెడతానని మాటిచ్చింది. స్టాఫ్‌తో కలిపి 200 ప్లేట్లు అనుకోండి. సాయంత్రం రన్-త్రూ (షో మొత్తం ఒకసారి సాధన) మన కుటుంబాలు కూడా చూడొచ్చు.

నిమ్మకాయ పులిహోర, శనగల కూర, చికెన్, చపాతీ, పుచ్చకాయ. పులిహోరలో పల్లీలు, జీడిపప్పు పడకూడదు, అలర్జీ ఉన్నవాళ్లున్నారట. కారం సగం వెయ్యండి. పగలంతా ఎండలో ట్యూబా మోసిన పిల్లాడికి గుంటూరు ప్రతాపం చూపించక్కర్లేదు.

జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, పరిచయ ప్రసంగం పెడదామని కల్చరల్ కమిటీ వాళ్లు అడిగారు. దయచేసి వద్దు. వాళ్ల షో మొత్తం పది పన్నెండు నిమిషాలు. మన ప్రసంగాల సంగతి మీకు తెలియనిది కాదు. బదులుగా ఈ నాలుగు ముక్కలు తల్లిదండ్రులకి ముందే వాట్సాప్‌లో పంపుదాం:

ఈ ఏడాది వాళ్ల షో అమెరికన్ శాస్త్రీయ సంగీతం మీద, ముఖ్యంగా స్వరకర్త ఏరన్ కోప్లాండ్ మీద. ఆయన ‘అపలాచియన్ స్ప్రింగ్’ని మార్తా గ్రాహమ్ నాట్యం కోసం 13 వాద్యాలకి రాశారు. 1944లో వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో మొదటి ప్రదర్శన, మరుసటి ఏడాది పులిట్జర్ బహుమతి. 1987లో గార్ఫీల్డ్ కెడెట్స్ అనే కోర్ వాళ్లు ఇదే సంగీతంతో డీసీఐ గెలిచారు. కోర్‌లో వయొలిన్ ఉండదు, క్లారినెట్ ఉండదు. అసలు కృతిలో క్లారినెట్ ఎత్తుకునే ‘సింపుల్ గిఫ్ట్స్’ పాట వరస ఇక్కడ బ్రాస్ (ఇత్తడి ఊదే వాద్యాల) వాళ్లో మారింబా (కర్రలతో వాయించే చెక్కపలకల వాద్యం) వాళ్లో అందుకోవాలి. 1942 నాటి ‘ఫ్యాన్‌ఫేర్ ఫర్ ది కామన్ మ్యాన్’కి ఆ ఇబ్బంది లేదు, అది పుట్టిందే బ్రాస్‌కీ డ్రమ్ములకీ.

మృదంగం నేర్చుకునే పిల్లల్ని బేస్ డ్రమ్ముల వైపు కూర్చోబెట్టండి. అక్కడ ఒక్కొక్కరిది ఒక్కో శ్రుతి. ఒకే జతి ముక్కముక్కలుగా ఆ చివర నుంచి ఈ చివరకి పరిగెడుతుంది, ఒక్కరు తడబడినా తెలిసిపోతుంది. నాకైతే షో అంతటిలో అదే ఇష్టం.

ఫుడ్ టీమ్: అన్నా, పులిహోర నాలుగిళ్లలో కలుపుతున్నాం. చికెన్ మాత్రం రెస్టారెంట్‌కి ఇచ్చేద్దాం, అంత కూర ఇంట్లో వండితే వేడి నిలవదు.

నేను: సరే అక్కా, ఇచ్చేయండి. ట్రేల మీద వెజ్, నాన్‌వెజ్ అని పెద్దక్షరాలతో రాయించండి.

రవాణా: వ్యాన్ నాది. అయిదున్నరకి జిమ్ వెనక గేటు దగ్గరుంటా. దించడానికి ఇద్దరు కావాలి.

నేను: ఒకడిగా నేనొస్తా. ఇంకొకరు పేరివ్వండి. ఐస్, మంచినీళ్ల బాధ్యత ఇంకా ఎవరూ తీసుకోలేదు.