26 వారాలకే పుట్టిన పాపకు బీపీ 24 ఉంటే, బీపీ పెంచే మందు డోపమైన్ పెట్టి తీరాలా?

పాప పిన్ని: మా అక్కకు 26 వారాలకే పాప పుట్టింది. మొదటి రోజే మీన్ బీపీ (సగటు బీపీ) 24కి వచ్చింది. ఎన్ని వారాలో కనీసం అంత బీపీ ఉండాలని మా బంధువైన డాక్టర్ అంటున్నారు, ఇక్కడివాళ్లేమో మందు ఇప్పుడే వద్దు, చూద్దాం అంటున్నారు. మెదడులో రక్తస్రావం అవుతుందేమోనని ఒకటే టెన్షన్. ఎవరి మాట వినాలి?

పిల్లల డాక్టర్: ఆ అంకె ఒక్కటే చూసి మందు మొదలుపెట్టకూడదండీ. బీపీ బాగున్నా మెదడుకు రక్తం సరిగా అందకపోవచ్చు, తక్కువున్నా బాగానే అందుతుండొచ్చు. సిడ్నీలో క్లకో, ఇవాన్స్ అనే డాక్టర్లు 30 వారాల లోపు పుట్టిన 126 మందికి ఎకో (గుండె స్కాన్) తీసి, తల వైపు నుంచి గుండెకు తిరిగొచ్చే పెద్ద సిరలో ప్రవాహం కొలిచి 2000లో ప్రచురించారు. ప్రవాహం పడిపోయింది ఎక్కువగా మొదటి 12 గంటల్లో, పెద్ద రక్తస్రావాలు వచ్చింది మాత్రం చాలావరకు అది మళ్లీ పెరిగాక. ఈ వయసులో మెదడు లోపలి జెర్మినల్ మేట్రిక్స్ నాళాలు మరీ పలచన, ఎండిన పిల్లకాలువకు ఒక్కసారిగా నీళ్లు వదిలితే గట్టు తెగినట్టే తెగుతాయి. అందుకే హడావిడిగా సెలైన్ తోయడమంటే నాకు భయం.

నైట్ డ్యూటీ సిస్టర్: ఎకో ఉన్నచోట ఈ మాట చెల్లుతుంది డాక్టర్ గారూ. జిల్లా ఆసుపత్రిలో అర్ధరాత్రి దాటాక ఎకో ఎవరు తీస్తారు? బీపీ 24 నుంచి 20కి, 18కి దిగుతుంటే చూస్తూ కూర్చోమంటారా? రేపు తల స్కాన్‌లో గ్రేడ్ 4, అంటే అన్నిటికన్నా తీవ్రమైన రక్తస్రావం అని వస్తే ఆ తల్లికి సమాధానం చెప్పేది మేమే.

పిల్లల డాక్టర్: కూర్చోమనలేదు సిస్టర్. ఛాతీ మీద నొక్కి వదిలితే రంగు ఎంతసేపటికి వస్తోంది, గుండె వేగం, లాక్టేట్ (ఒంటికి ఆక్సిజన్ చాలకపోతే రక్తంలో పెరిగేది), మూత్రం, ఇవన్నీ కలిపి చూడమంటున్నా (మొదటి రోజు మూత్రం ఎలాగూ తక్కువే, దాన్నొక్కదాన్నే నమ్మొద్దు). అవీ చెడుతుంటే నేనూ మందు పెడతాను, నెమ్మదిగా పెంచుతాను. కానీ డోపమైన్‌తో మెదడుకు మేలని రుజువేది? అది తేల్చడానికే హిప్ ట్రయల్ పెట్టారు, 830 మంది కావాలనుకుంటే 58 మందే చేరారు, 2021లో వచ్చిన ఫలితాల్లో ఇచ్చినవాళ్లకీ ఇవ్వనివాళ్లకీ తేడా తేలలేదు. అంత చిన్న ట్రయల్ మీ మాటనీ నా మాటనీ నిలబెట్టలేదు.

నైట్ డ్యూటీ సిస్టర్: సరే, 18కి దిగితే మాత్రం నేను ఆగను, డ్యూటీ డాక్టర్ని లేపుతాను. ఇంకో సంగతి, అందరూ బీపీ మీదే కొట్టుకుంటున్నారు గానీ కాన్పు గది సంగతి ఎవరూ ఎత్తరేం? తల్లికి ముందే స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడిందా, బొడ్డు కోసే ముందు నిమిషం ఆగారా? టైం లేదని కొందరు బొడ్డుతాడులోని రక్తం పాపలోకి వెళ్లేలా తాడు పిండుతారు. 2019లో వచ్చిన ట్రయల్‌లో 23–27 వారాల పిల్లల్లో తాడు పిండితే 22 శాతానికి తీవ్ర రక్తస్రావం, ఆగి కోస్తే 6 శాతానికే. అందుకే మధ్యలోనే ఆపేశారు.

పిల్లల డాక్టర్: తాడు విషయంలో నాదీ మీ మాటే, 28 వారాల లోపు పిండకూడదు. పాప పిన్ని గారూ, ఈ రక్తస్రావాలు ఎక్కువగా మొదటి 3 రోజుల్లోనే వస్తాయి. లాక్టేట్ ఎంత ఉంది, ఎకో తీశారా, తల స్కాన్ ఎప్పుడు అని రేపు రౌండ్స్‌లో అడగండి. బీపీ ఎంత దిగితే మందు పెడతారో కూడా అడగండి, విసుక్కున్నా సరే.