అప్‌డేట్: అమ్మమ్మ గిన్నె కంచు కాదు, ఇత్తడి

పోయిన వారం అడిగాను కదా, అమ్మమ్మ ఇచ్చిన కంచు గిన్నెలో చారు కాస్తే ఆకుపచ్చ చిలుము పట్టింది, ఎందుకని. పాత్రల షాపాయన దాన్ని చిన్న కర్రతో కొట్టి చూశారు. పక్కనున్న కంచు కంచం ఖంగుమని చాలాసేపు మోగింది, మా గిన్నె వెంటనే ఆగిపోయింది. ఇది ఇత్తడేనమ్మా అన్నారు. ఇత్తడంటే రాగి, జింకు. కంచులో రాగితో కలిసేది తగరం, గంటలు పోసే కంచులో అది ఇంచుమించు 22 శాతం.

లోపలి కళాయి, అంటే తగరం పూత, అరిగిపోయి చింతపండు పులుపు నేరుగా ఇత్తడికి తగిలిందట. నిన్న కళాయి వేయించాను. కాలిన గిన్నెలో తగరం ముక్క రుద్దగానే కరిగింది, దూదితో తిప్పేసరికి లోపలంతా వెండిలా అయింది. ఎంత ముచ్చటేసిందో! ఈరోజు చారు అందులోనే కాచాను, చిలుము లేదు.