పాత ఫ్లాట్‌కి ఇంటీరియర్ డిజైనర్: ఈ ఇద్దరిలో ఎవరికి ఇవ్వాలి?

ప్రశ్న:
కూకట్‌పల్లిలో మాది 2004లో కట్టిన డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్, 1,050 చదరపు అడుగులు. సంక్రాంతి తర్వాత అమ్మ తెనాలి నుంచి మా దగ్గరికే వచ్చేస్తోంది. మోకాళ్ళ నొప్పులు. కింద కూర్చోలేదు, స్టూలెక్కలేదు. ఆవిడ వచ్చేలోపు వంటిల్లు, రెండు బాత్‌రూములు, కప్‌బోర్డులు మార్పించాలి.

ఒక డిజైనర్ మొత్తం తనే చేయించి ఇస్తానన్నాడు. అడుగుకింత అని లెక్క, 60 శాతం అడ్వాన్స్. త్రీడీ బొమ్మలు చాలా బాగున్నాయి. కానీ అమ్మ పచ్చళ్ళ జాడీలు ఎక్కడ పెట్టాలని అడిగితే "లాఫ్ట్‌లో పెట్టేద్దామండీ" అన్నాడు. రెండో ఆవిడ డ్రాయింగులకీ, వారానికి రెండుసార్లు వచ్చి పని చూడటానికీ ఫీజు తీసుకుంటారు. వడ్రంగి, ప్లంబరు, సామాను మనమే చూసుకోవాలి. నాకు ఆఫీసుతోనే సరిపోతోంది. అయినా ఆ లాఫ్ట్ మాట మనసులోంచి పోవడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు 1 (మియాపూర్ నుంచి):
చెల్లీ, మేము మొత్తం ఒకరికే అప్పజెప్పాం. కొటేషన్‌లో "వాటర్‌ప్రూఫ్ ప్లై" అని ఒక్క ముక్క రాసిచ్చారు, అంతే. రెండో వానాకాలానికి సింకు కింద బాక్సు ఉబ్బి తలుపు పట్టలేదు. లామినేట్ అంచు గోరుతో లేపితే లోపలి చెక్క తడిసిన అట్టలా పొరలు పొరలుగా ఊడి చేతికొచ్చింది. పీఎఫ్ తీసి కట్టిన డబ్బు. ఏడుపొచ్చేసింది.

ఎవరికిచ్చినా సరే, సింకు దగ్గర ఐఎస్ 710 ప్లైవుడ్డే (నీళ్ళకి తట్టుకునే మెరైన్ రకం) వేయాలని, ఏ కంపెనీదో, ఎన్ని ఎంఎంలో కాగితం మీద రాయించు. షీట్లు కొయ్యకముందే వెళ్ళి ఐఎస్ఐ ముద్ర, ఆ నంబరు చూసుకో. లామినేట్ అంటించాక లోపలేముందో ఎవరూ చెప్పలేరు. ఇంకోటి, ఏడడుగుల ఎత్తు, ఏడడుగుల వెడల్పు కప్‌బోర్డు ముందువైపు కొలిస్తే 49 చదరపు అడుగులు. కొందరు లోపలి అరలు, పక్కలు కూడా కలిపి కొలుస్తారు. అది తేల్చుకోకుండా రెండు రేట్లు పోల్చకు. 18 శాతం జీఎస్టీ అందులోనే ఉందా, విడిగానా అనేదీ అడుగు. 60 శాతం ముందే మాత్రం వద్దమ్మా. పని నడిచేకొద్దీ ఇవ్వు.

జవాబు 2 (సైట్ ఇంజినీరు):
మేడమ్, చెక్కపని సంగతి తర్వాత. గోడల్లో జీఐ పైపులు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపులు, ఉన్నాయేమో చూపించండి. ఇన్నేళ్ళకి లోపల తుప్పు పట్టి ఉంటాయి, పాత టైల్స్ కొట్టినప్పుడే మార్చేయాలి. బాత్‌రూములో వాటర్‌ప్రూఫింగ్ అయ్యాక ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టి, కింది ఫ్లాట్ వాళ్ళ సీలింగ్ చూసి, ఆ తర్వాతే టైల్స్. అమ్మగారు పట్టుకుని లేవడానికి కమోడ్ పక్కన కడ్డీ ఎక్కడ రావాలో ఇప్పుడే గోడ మీద గుర్తు పెట్టించండి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల ఎవరైనా పడిపోతే తలుపుకే అడ్డం పడతారు, తోసినా రాదు.

అడిగినావిడ:
ఇద్దరికీ చాలా థ్యాంక్స్. రెండో ఆవిడకే ఇచ్చాను. వడ్రంగిని తనే చూపిస్తానన్నారు, డబ్బు నేరుగా అతనికే. నిన్న వీడియో కాల్‌లో అమ్మతో అరగంట మాట్లాడారు. ఆవకాయ జాడీ ఎత్తు కొలవమంటే అమ్మ టేపు తెచ్చి, మూతకి కట్టిన గుడ్డతో సహా 14 అంగుళాలని చెప్పింది. పొయ్యి వేడి, సింకు తడి రెండూ తగలకూడదంది. అందుకని కిటికీ అవతలి మూల, నడుమెత్తులో, 16 అంగుళాల అర గీశారు. జాడీ ఎత్తక్కర్లేదు, ముందుకు లాక్కుంటే చాలు. ఫోన్ పెట్టేస్తూ అమ్మ, చింతకాయ జాడీకి కూడా చోటుందా అని అడిగింది. ఉందన్నారు.